సీటు, స్టూడియో, శెనక్కాయ చేను

అనంతపురం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాసి, దానితో పాటు తాను తీసిన 12 ఫొటోలు పంపారు. పేరు వేయవద్దని కోరారు కనుక ఆమెను పోల్చుకోవడానికి వీలయ్యే వివరాలు తీసివేసి, ఉత్తరం సారాంశాన్ని మాత్రం ఇక్కడ ఇస్తున్నాం.

ఆమె వయసు 27. బీకాం చదివారు. తండ్రి చాలాకాలంగా నడుపుతున్న ఫొటో స్టూడియోలో అన్నతో కలిసి పనిచేస్తున్నారు. తండ్రికి చూపు మందగించడంతో ఆయన ఇప్పుడు కౌంటర్ దగ్గర కూర్చుని పాస్‌పోర్ట్ సైజు ఫొటోల పని చూసుకుంటున్నారు. పెళ్లి ఆర్డర్లలో వీడియో, డ్రోన్ అన్న వంతు. పోజు పెట్టించకుండా తీసే క్యాండిడ్ ఫొటోలు, పెళ్లికూతురి గదిలో అలంకరణ, నలుగు, ఆ తర్వాత ఆల్బమ్ డిజైనింగ్ ఆమె వంతు. ఫొటోలు తీసేది ఆడపిల్ల అన్న ధైర్యంతోనే తమ దగ్గరికి వచ్చే ఇళ్లవాళ్లు చాలామంది ఉన్నారని ఆమె రాశారు. జీతమంటూ తీసుకోరు, కావలసినప్పుడు అడిగితే ఇంట్లో ఇస్తారు. కొత్త కెమెరాలకు, లెన్సులకు చేసిన అప్పు మీద నెలకు 18,000 రూపాయల కంతు ఇంకా 14 నెలలు కట్టాలి.

నాలుగేళ్లుగా ఆమె కల్యాణదుర్గం దగ్గర అమ్మమ్మ ఊరికి వెళ్లి, వేరుశెనగ పంట చేతికొచ్చే రోజుల్లో కట్టె (కాయలతో ఉన్న మొక్కలు) పీకే ఆడవాళ్ల ఫొటోలు తీస్తున్నారు. ఎక్కువగా ఆ ఫొటోలనే, రెండు పెళ్లి ఫొటోలతో కలిపి, బయటి రాష్ట్రంలోని ఒక సంస్థకు పంపితే ఫొటోగ్రఫీలో రెండేళ్ల పీజీ కోర్సుకు సీటు వచ్చింది. జులైలో చేరాలి. అన్న "ఆల్బమ్‌లన్నీ నువ్వే చేస్తున్నావు, ఇంకా నేర్చుకునేదేముంది?" అంటున్నాడు. తల్లి "పెళ్లయ్యాక, ఆయన చదివిస్తే చదువుకో" అంటున్నారు. తండ్రి ఏమీ అనడం లేదు. ఇవన్నీ ఒక ఎత్తు, అసలు బాధ మరొకటి అంటారామె. కిందటి కార్తీకంలో చేనికి వెళ్తే కెమెరా బయటికి తీయబుద్ధి కాలేదు. తీసిన కాసినీ ఎక్కడో చూసినట్టే ఉన్నాయి. "పెళ్లిళ్లు నా కంటిని తినేశాయేమో. ప్రేరణే లేనప్పుడు చదువుకు వెళ్లి ఏం చేయను? వెళ్లకపోతే బతుకంతా ఆల్బమ్‌లేనా? స్టూడియో వదలాలా, చదువు వదలాలా, ఆ చేను వదలాలా, ఏదో ఒకటి చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

మీ ఉత్తరం చివరి వాక్యం మూడింటిలో ఒకదాన్ని వదలమనే తీర్పు కోరుతోంది. ఆ తీర్పు నేను ఇవ్వను. ఇవ్వడానికి కావలసిన సమాచారం మీ దగ్గరే ఇంకా పూర్తిగా లేదు. మీరు ఒకే ప్రశ్నగా రాసినవి నిజానికి మూడు ప్రశ్నలు, మూడింటి గడువులూ వేరు. సీటు సంగతి జులైలోగా తేలాలి. అప్పు సంగతి 14 నెలల్లో దానంతటదే తీరుతుంది. చేనికి వెళ్తే కెమెరా తీయబుద్ధి కాకపోవడానికి గడువంటూ లేదు. మూడూ ఒకే వేసవిలో మీద పడ్డాయి కనుక ఒకదానికి జవాబు దొరికితే మిగిలిన రెండూ సర్దుకుంటాయని మీకు అనిపిస్తోంది. చదువుకు వెళ్లినా ఆ విసుగు మీతో పాటే రైలెక్కవచ్చు. వెళ్లకుండా ఉండి అప్పంతా తీర్చేశాక కూడా అది అక్కడే కూర్చుని ఉండవచ్చు.

మీ ఉత్తరం మీద ఉన్న తేదీని కూడా గమనించాను. అది వైశాఖంలో ముహూర్తాలు దట్టంగా ఉన్న వారం. తెల్లవారుజామున ముహూర్తం, పగలంతా గ్రూప్ ఫొటోలు, సాయంత్రం మరో ఊళ్లో రిసెప్షన్, అర్ధరాత్రి దాటాక మెమరీ కార్డులను హార్డ్ డిస్కులోకి ఎక్కించి గాని పడుకోలేని పరిస్థితి. అలాంటి వారంలో ఏ ఫొటోగ్రాఫర్‌ను కదిలించినా తనలో కళ అడుగంటిపోయిందనే చెబుతారు. కాబట్టి ఉత్తరంలోని కొంత భాగాన్ని నేను నిద్రలేమి ఖాతాలో వేసి, మిగిలిన దానికే జవాబు రాస్తున్నాను.

అసలు బాధ అన్నారు కనుక ప్రేరణ సంగతితోనే మొదలుపెడతాను. మీరు పంపిన 12 ఫొటోలను బల్ల మీద పరచి చూశాను. బాగున్నాయి, సీటు ఊరికే రాలేదు. అయితే వాటిలో పదింటిలో వెలుగు ఒక్కటే: పొద్దు వాలే వేళ, బంగారు రంగు. తొమ్మిదింటిలో మనిషి ముఖమో చేతులో స్పష్టంగా ఉండి, వెనకనున్న చేను మొత్తం మసకబారిపోయింది. ఇది పెళ్లి మంటపంలో అలవాటైన చెయ్యి. అక్కడ వెనకాల ప్లాస్టిక్ కుర్చీలు, స్టాండు ఫ్యాన్లు, వీడియో లైట్ల వైర్లు, సెల్‌ఫోన్‌లో మునిగిన చుట్టాలు ఉంటారు కాబట్టి, 85 ఎంఎం లెన్సును ఎఫ్ 1.8 దాకా, అంటే వెనకదంతా మసకబారేంత వెడల్పుగా తెరిచి, పెళ్లికూతురిని మాత్రం నిలబెట్టి మిగిలినదంతా చెరిపేస్తారు. మంటపంలో అది సరైన పనే. అదే చెయ్యి చేనులోకి వచ్చి ఎర్రనేలను, పీకి పడేసిన కట్టె వరసలను, గట్టు మీది సద్దిమూటలను, నీళ్ల బిందెను, దూరంగా నిలబడి పని చేయిస్తున్న రైతును కూడా చెరిపేసింది. ఇవన్నీ పోయాక మిగిలిన ముఖం ఏ రాష్ట్రంలోని ఏ పొలంలోదైనా కావచ్చు. ఎక్కడో చూసినట్టుందని మీకు అనిపించిందంటే మీ కన్ను సరిగ్గానే పనిచేస్తోందని అర్థం. తాను తీసినదాన్ని చూసి తృప్తిపడని ఫొటోగ్రాఫర్‌కు ప్రేరణ కరువైందని నేననుకోను. ఆమెకు తరువాతి పని ఏమిటో ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ తరువాతి పని ఏమిటన్నది మీ ఉత్తరంలోనే ఉంది. నాలుగేళ్లూ మీరు ఆ ఊరికి వెళ్లింది కార్తీకంలో, పంట పీకే రోజుల్లోనే. కార్తీకం ఎలాంటి నెలో నాకంటే మీకే బాగా తెలుసు: పెళ్లిళ్లకు మంచి గిరాకీ ఉన్న నెల. అంటే రెండు పనులూ ఢీకొనే నెలను ఏరికోరి ఎంచుకుని, రెండు వైపులా పరుగెత్తి, రెండు చోట్లా అలసిపోయారు. ఇప్పుడు మిగిలిన పంచాంగం చూడండి. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. భాద్రపదంలో ఉండవు. పుష్యంలో ఉండవు. గురు, శుక్ర మూఢాలు వచ్చినా, అధికమాసం వచ్చినా ఆ ఏడు మరికొన్ని వారాలు ఖాళీ. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల పెళ్లిళ్లు ఈ లెక్కలో ఇమడవు. వాటి సంగతి మీ డైరీలో చూసుకోవాలి. స్టూడియోల వాళ్లు గిరాకీ లేదని తిట్టుకునే ఈ నెలల్లోనే మీ అమ్మమ్మ ఊరి చేనులో మీరు ఒక్కసారి కూడా తీయనివన్నీ జరుగుతాయి. ఆషాఢంలో తొలకరి పదును చూసుకుని విత్తనం వేస్తారు. వాన వెనక్కి పోతే విత్తనాల మూటలు ఇంట్లో పెట్టుకుని మబ్బు వైపు చూస్తూ కూర్చుంటారు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వరకే వాన పడే ప్రాంతంలో ఆ ఎదురుచూపు ఒక్కటే చాలినంత విషయం. భాద్రపదానికి కలుపు తీతలు నడుస్తుంటాయి, పసుపు పూత నుంచి ఊడలు నేలలోకి దిగి, కాయ కంటికి కనపడకుండా లోపల ఊరుతుంటుంది. పుష్యానికి చేను బోడి. కట్టె వామి వేసి ఉంటుంది. పంట పోయిన ఏడైతే ఇళ్లకు తాళాలు వేసుకుని బెంగళూరు పనులకు వెళ్లినవాళ్లు ఎందరో ఉంటారు. కార్తీకంలో మీరు తీసిన ఆడవాళ్లు మిగిలిన నెలల్లో ఎక్కడ ఉంటారో, ఏం చేస్తారో మీ ఫొటోలు చూసినవారికి తెలియదు. మీకు మాత్రం తెలుసు, ఆ ఊరి మనవరాలు కనుక.

వచ్చే ఆషాఢం దగ్గరలోనే ఉంది. చదువుకు వెళ్లే పక్షమైనా, వెళ్లని పక్షమైనా, విత్తనాలు పడే రోజుల్లో ఒక వారం అమ్మమ్మ ఇంట్లోనే ఉండండి. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తే మళ్లీ ఆ బంగారు వెలుగే దొరుకుతుంది. 85 ఎంఎం లెన్సు అనంతపురంలోనే వదిలేసి, చుట్టుపక్కలను కూడా చూపించే 35 ఎంఎం ఒక్కటి పట్టుకెళ్లండి. ఎఫ్ 8 దగ్గర పెట్టి, మనిషీ నేలా రెండూ కనపడేలా, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా తీయండి. ఆ వెలుగు ముఖాలకు అందం తేదు, ఆ పని ఎంత కష్టమో మాత్రం తెలుస్తుంది. వెళ్లే ముందు అనంతపురం పక్కనే ఉన్న రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్లి, ఈ ఏడు ఏ రకం వేస్తున్నారో, ఏ దశ ఎన్ని రోజులకు వస్తుందో కనుక్కోండి. ఫొటోగ్రాఫర్ చదువంటే ఫొటోగ్రఫీ పుస్తకాలే చదవాలని ఎక్కడా లేదు. తీయబోయే పని గురించి తెలిసినకొద్దీ ఎప్పుడు, ఎక్కడ నిలబడాలో ముందే తెలుస్తుంది. నాకు తెలిసినంతలో ప్రేరణ అనేదానికి ఇంతకు మించిన రహస్యం లేదు.

పెళ్లిళ్లు కంటిని తినేశాయన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. వీలు చూసుకుని హిందూపురం మీదుగా లేపాక్షికి వెళ్లి, వీరభద్రాలయం పైకప్పు మీది చిత్రాలను తీరిగ్గా చూసి రండి. 16వ శతాబ్దంలో, విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో వాటిని వేసినవారు కూడా ఆర్డరు మీద పనిచేసినవారే. ఆలయం కట్టించిన అన్నదమ్ములు విరూపణ్ణ, వీరణ్ణ తమ పరివారంతో సహా దేవుడికి మొక్కుతూ ఆ కప్పు మీద కనబడతారు. డబ్బు పెట్టినవారి ముఖాలు కనబడాలి, పొడుగాటి కుళ్లాయిలు కనబడాలి, నగలు, చీరల అంచులు కనబడాలి. పెళ్లివారు మిమ్మల్ని అడిగేది కూడా ఇంచుమించు ఇదే కదా. అడిగినదంతా చేసిపెడుతూనే ఆ చిత్రకారులు వరసగా నిలబడ్డ మనుషుల మధ్య ఎంత ఖాళీ వదలాలో, చూపులు ఎటు తిప్పాలో తాము తేల్చుకున్నారు. చీరల మీద వాళ్లు వేసిన అంచులను, గళ్లను చేనేతవారు ఇప్పటికీ నమూనాలుగా తీసుకుంటున్నారు. ఆర్డరు పని, కళ అని మీరు గీసుకున్న గీత అంత గట్టిది కాదు. పెళ్లికూతురి గది మీకు కొన్ని విద్యలు నేర్పింది: ఇరుకు చోట, ఉన్న వెలుగుతో, కొత్తవాళ్ల మధ్య, ఎవరికీ అడ్డం రాకుండా మెలగడం. చేనులో ఆడవాళ్లు మిమ్మల్ని అంత దగ్గరికి రానివ్వడంలో ఆ విద్యకు కూడా పాలు ఉంది.

స్టూడియో నుంచి పొలానికి నడిచినవారు మీకు ముందూ ఉన్నారు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరోతియా లాంగ్ 1919లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టూడియో పెట్టి, సంపన్నుల కుటుంబాలకు పోర్ట్రెయిట్లు తీస్తూ పదేళ్లకు పైగా నడిపారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1933లో, ఉచిత ఆహారం కోసం వరస కట్టిన మగవాళ్లను తీయడానికి వీధిలోకి వెళ్లారు. 1936లో కాలిఫోర్నియాలో, బఠాణీలు కోసే పనికి వచ్చి తిండి లేక చిక్కుకుపోయిన ఒక తల్లిని, ఆమె పిల్లలను తీసిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ముఖాలతో గడిపిన ఆ స్టూడియో ఏళ్లు లేకుండా ఆ ఫొటో వచ్చేదని నేను నమ్మను. దాని రెండో సగం కూడా మీకు తెలియాలి. ఆ తల్లి ఎవరో 1978లో బయటపడినప్పుడు, ఆ ఫొటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని, అసలు తీయకుండా ఉంటే బాగుండేదని ఆమె అన్నట్టు పత్రికల్లో వచ్చింది. మీకు సీటు తెచ్చిపెట్టినవి అమ్మమ్మ ఊరి ఆడవాళ్ల ముఖాలు. ఆ సంగతి వాళ్లకు చెప్పారా? ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. ఆషాఢంలో వెళ్లేటప్పుడు, నాలుగేళ్లలో ఎవరెవరిని తీశారో వారందరికీ మ్యాక్సీ సైజు ప్రింటు ఒక్కొక్కటి తీసుకెళ్లి చేతికివ్వండి. ఎక్కడ చూపించారో, ఇకముందు ఎక్కడ చూపించాలనుకుంటున్నారో చెప్పండి. వద్దన్నవారి ఫొటోను ఇక ఎక్కడా చూపించకుండా పక్కన పెట్టేయండి. ఇందులో మీ పనికి కూడా లాభం ఉంది, ఎందుకంటే తమ ఫొటో చేతిలో పట్టుకున్న మనిషి చెప్పే మాటలు మరోలా ఉంటాయి.

ఇక చదువు. మీ అన్న అడిగిన ప్రశ్న మిమ్మల్ని నొప్పించింది, కానీ అది మంచి ప్రశ్న. కెమెరా, లైటింగ్, సాఫ్ట్‌వేర్ వరకే అయితే ఆయన చెప్పింది నిజం. వాటికోసం రెండేళ్లు, ఫీజు, హాస్టల్ ఖర్చు అవసరం లేదు. మంచి కోర్సు ఇచ్చేవి వేరే. మీకు చుట్టరికం లేనివాళ్లు, మీ ఆల్బమ్ కొనాల్సిన అవసరం లేనివాళ్లు మీ ఫొటోలను ముఖం మీదే విమర్శిస్తారు. వంద ఫొటోలలోంచి ఇరవై ఏరి, ఒకదాని పక్కన ఒకటి ఏ క్రమంలో పెడితే ఏ అర్థం వస్తుందో నేర్పిస్తారు. మీకంటే ముందు ఈ పని చేసినవారు ఎక్కడ గెలిచారో, ఎక్కడ తప్పటడుగు వేశారో చదివిస్తారు. పైగా, ఎవరికీ డెలివరీ ఇవ్వనక్కర్లేని రోజులు దొరుకుతాయి. కోర్సు ఇవ్వలేనివి కూడా ఉన్నాయి: తిరిగి వచ్చాక గ్యారంటీ సంపాదన ఇవ్వదు, తీయడానికి విషయం ఇవ్వదు. విషయం మీ దగ్గర ముందే ఉంది, కోర్సులో చేరే చాలామంది దగ్గర ఉండదు.

జులైలోనే చేరిపోతే ఏమవుతుందో చూద్దాం. చేతిలో ఉన్న అవకాశం జారిపోదు, ఇంట్లో వాదన కూడా ఏదో ఒక రకంగా ముగుస్తుంది. కానీ మిగిలిన కంతులన్నీ అన్న ఒక్కడి మీద పడతాయి, అదీ మీరు తెచ్చే ఆర్డర్లు తగ్గిపోయే సమయంలో. ఫీజుకు బ్యాంకులో విద్యారుణం దొరికే వీలుంది. ప్రభుత్వ హామీ పథకం కింద 7.5 లక్షల రూపాయల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, సాధారణంగా చదువు నడిచే కాలం, ఆపైన ఒక ఏడాది కంతులు కట్టనక్కర్లేదు. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. మీ కోర్సుకు, ఆ సంస్థకు ఇది వర్తిస్తుందో లేదో బ్యాంకు మేనేజరును కలిసి తేల్చుకోండి. ఇలా వెళ్తే మీ ఇంటికి ఒక అప్పు మీద ఇంకో అప్పు అవుతుంది, దాన్ని మోయగలమో లేదో అంకెలు వేసుకోకుండా ఎవరూ చెప్పలేరు. చేరిన మొదటి ఏడు భాద్రపదం, పుష్యం తరగతుల్లోనే గడిచిపోయి చేను దూరమవుతుందన్నది కూడా మరవకండి.

రెండో దారి, సీటును ఒక ఏడు వెనక్కి జరపమని అడగడం. కొన్ని సంస్థలు ఒప్పుకుంటాయి, కొన్ని మళ్లీ దరఖాస్తు పెట్టమంటాయి. ఒప్పుకుంటే లెక్క మీకు చక్కగా కుదురుతుంది: వచ్చే ఏడు జులై నాటికి ఆ 14 కంతులూ ఇంచుమించు తీరిపోయి ఉంటాయి, ఆషాఢం, భాద్రపదం, పుష్యం మూడూ చేతిలోకి వస్తాయి, ఇప్పుడు పంపిన వాటికంటే గట్టి ఫొటోలతో చేరతారు. ఇందులో ఉన్న ప్రమాదం చిన్నది కాదు. ఆ ఏడాది పెళ్లిళ్లలో పడి కరిగిపోతుంది, ఈలోపు సంబంధాలు వస్తాయి, వచ్చే వైశాఖంలో ఇదే ఉత్తరం మళ్లీ రాయవలసి వస్తుంది. ఈ దారి పట్టాలంటే ఆ మూడు నెలలూ ఆర్డర్ల డైరీలో ఇప్పుడే మీ పేరు మీద కొట్టేసి ఉండాలి, అన్న చూస్తుండగా, అన్న ఒప్పుకుని.

అసలు వెళ్లకుండా ఉండటం మూడోది. దీన్ని ఓటమి అనుకోనవసరం లేదు. కడపలో 2020లో ఏర్పడిన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ మీకు సరిపడేది ఏమైనా ఉందేమో ఒకసారి స్వయంగా వెళ్లి కనుక్కోవచ్చు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో (జేఎన్ఏఎఫ్ఏయూ) ఫొటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ డిగ్రీ ఉంది కానీ, డిగ్రీ ఉండి, పని వచ్చి, 27 ఏళ్ల వయసులో మళ్లీ మొదటి మెట్టు నుంచి నాలుగేళ్లు అనేది నాకు ఎక్కువనిపిస్తుంది. ఇంట్లోనే ఉండి నేర్చుకోవాలంటే మీకు లేనిది విమర్శించే మనిషి. ఇన్‌స్టాగ్రామ్‌లో హృదయం గుర్తులు విమర్శ కాదు, అమ్మమ్మ మెచ్చుకోలు కూడా కాదు. మొహమాటం లేకుండా మాట్లాడే ఇద్దరు ముగ్గురు దొరికి, మూడు నెలలకోసారి ప్రింట్లు వాళ్ల ముందు పరిచే ఏర్పాటు లేకపోతే, ఈ దారిలో మనిషి తనకు తెలిసిన ఫొటోనే మళ్లీ మళ్లీ తీస్తూ పోతుంది.

నా మొగ్గు ఎటో దాచడం దేనికి, రెండో దారి వైపే. అయితే సంస్థ వాయిదాకు ఒప్పుకోకపోతే అది మూసుకుపోతుంది. అప్పుడు మొదటిదా మూడోదా అన్నది మీ ఇంటి లెక్క మీద ఆధారపడుతుంది, ఆ లెక్క ఇంతవరకు ఎవరూ వేయలేదు. జీతం తీసుకోనని మీరు ఉత్తరంలో ఎంతో మామూలుగా రాశారు. మీరు లేకపోతే పెళ్లికూతురి వైపు తీయడానికి రోజుకు ఎంత ఇచ్చి మనిషిని పెట్టుకోవాలో, ఆల్బమ్ డిజైనింగ్ బయట చేయిస్తే షీటుకు ఎంత అడుగుతారో ఊళ్లో నలుగురిని అడిగి, ఒక కాగితం మీద రాయండి. పక్కనే కంతులు, ఫీజు, హాస్టల్ ఖర్చు రాయండి. ఆ కాగితం ముందు పెట్టుకుని అన్నతో మాట్లాడితే, "నేర్చుకునేదేముంది" అన్న మాట వెనక "నేనొక్కణ్ణే ఎలా లాగను" అన్న భయం ఉందో లేదో బయటపడుతుంది. ఉందని నా ఊహ. ఆల్బమ్ డిజైనింగ్ ల్యాప్‌టాప్ మీద ఎక్కడి నుంచైనా చేయవచ్చు కనుక, మీరు దూరంగా ఉన్నా ఆ పని చేసి పంపి, దాని విలువను కంతులో జమ చేసుకునే ఒప్పందం ఒకటి పెట్టుకోవచ్చు. దీనికీ హద్దు ముందే చెప్పుకోవాలి. నెలకు ఇన్ని ఆల్బమ్‌లే అనకపోతే హాస్టల్ గది మీ స్టూడియోకు రాత్రి బ్రాంచి అయిపోతుంది.

పెళ్లయ్యాక ఆయన చదివిస్తే చదువుకో అన్న మీ అమ్మగారి మాట గురించి ఒక్క ముక్క. ఊరూ పేరూ తెలియని ఒక మనిషికి మీ ఇంట్లో అప్పుడే నిర్ణయాధికారం వచ్చేసింది. పెళ్లి విషయం మీరు కావాలనుకున్నప్పుడు దానికదిగా మాట్లాడుకోవచ్చు; చదువుకు దాన్ని షరతుగా ఒప్పుకున్నారంటే ఆ తర్వాత ప్రతి పనికీ అదే షరతు వస్తుంది. నాన్నగారు ఏమీ అనడం లేదని రాశారు, మీరు ఆయన్ను విడిగా అడిగినట్టు మాత్రం రాయలేదు. చాలాకాలంగా స్టూడియో నడుపుతున్న మనిషి రీలు పోయి డిజిటల్ రావడం, ప్రతి చేతిలోకీ సెల్‌ఫోన్ కెమెరా రావడం దుకాణంలో కూర్చునే చూసి ఉంటారు. కొత్తది నేర్చుకోని స్టూడియోలు ఏమయ్యాయో మీ అన్నకు చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లో ఆయనే. అన్నతో లెక్కల మాట మొదలుపెట్టక ముందే ఆయనతో కూర్చోండి.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది. దరఖాస్తులో రెండు పెళ్లి ఫొటోలు పెట్టానన్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన ఫొటో మీద మొదటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారిదే. ఆ రెండు కుటుంబాలను ఇప్పుడైనా అడిగి, అనుమతి రాయించుకోండి. ఇకముందు తీసుకునే ఆర్డర్లకు, అడ్వాన్సు రసీదు మీదే, ఎంపిక చేసిన ఫొటోలను స్టూడియో తన పని చూపించడానికి వాడుకోవచ్చని ఒక వాక్యం చేర్చి సంతకం తీసుకుంటే సరిపోతుంది. వద్దన్నవారికి ఆ వాక్యం కొట్టేసి ఇవ్వండి.

ఈ వారం చేయవలసినది మాత్రం సంస్థకు ఉత్తరం రాయడం. సీటును వచ్చే ఏడుకు జరపడానికి వీలుందా, జరిపితే ఇప్పుడు ఎంత కట్టాలి, చేరాక మానుకుంటే మొదటి విడత ఫీజులో ఎంత తిరిగి వస్తుంది, చదువులో భాగంగా చేసే ప్రాజెక్టును అనంతపురం జిల్లాలో చేసుకోనిస్తారా అని నాలుగు ప్రశ్నలూ అందులోనే అడగండి. ఫోనులో చెప్పిన మాట చాలదు, జవాబు రాతలో కావాలి. అది చేతికి రాకముందు ఫీజు కట్టవద్దు, శ్రావణం ఆర్డర్లకు మీ పేరు మీద అడ్వాన్సు కూడా తీసుకోవద్దు.